ధవళేశ్వరం ఆనకట్టకు ముందు నడిచిన కాగితాలు: ప్రాజెక్టు చార్టర్‌పై ఒక చారిత్రక పరిశీలన

ధవళేశ్వరం ఆనకట్ట పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. సర్ ఆర్థర్ కాటన్ పేరు, 1852 అనే సంవత్సరం, గోదావరి డెల్టా పచ్చబడిన కథ మీకు పాఠశాల నుంచే తెలుసు. ఈ పాఠంలో మీరు ఆనకట్ట కట్టిన కథను కాక, అది కట్టడానికి ముందు నడిచిన కాగితాల కథను చదువుతారు. నదిలో మొదటి రాయి పడడానికి ముందు కొన్ని సంవత్సరాల పాటు నివేదికలు, అంచనాలు, ఉత్తరాలు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరిగాయి. పని మొదలుపెట్టవచ్చునన్న ఒక్క మాట రావడానికి అంత కాలం పట్టింది. ఆ మాట ఎవరు చెప్పాలి, దాన్ని వారి చేత ఎలా చెప్పించారు, అందులో ఏమి ఉంది, ఏమి లేకుండా పోయింది అన్నవే మన ప్రశ్నలు.

నేటి నిర్వహణ శాస్త్రంలో ఇటువంటి కాగితానికి 'ప్రాజెక్టు చార్టర్' అని పేరు. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తన మార్గదర్శక గ్రంథంలో దీన్ని నిర్వచించింది. ఒక ప్రాజెక్టు ఉన్నదని అధికారికంగా గుర్తిస్తూ, సంస్థ వనరులను వాడుకొనే అధికారాన్ని ప్రాజెక్టు నిర్వాహకుడికి ఇస్తూ, దాన్ని ప్రారంభించే అధికారి జారీ చేసే పత్రమే చార్టర్ అని ఆ నిర్వచనం సారాంశం. ఇందులో 'జారీ చేసే' అన్న మాటను మీరు గుర్తుంచుకోవాలి. పని చేయబోయే వ్యక్తి చిత్తుప్రతి ఎంత బాగా రాసినా, దాని మీద డబ్బు ఇవ్వగల వ్యక్తి సంతకం పడేదాకా అది విన్నపమే. సంతకం పడ్డాక అదే కాగితం ఆజ్ఞ అవుతుంది.

చార్టర్ అనే మాట చరిత్ర విద్యార్థులకు కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టర్‌తో. తరువాత 1813, 1833, 1853 సంవత్సరాల చార్టర్ చట్టాలను మీరు ఆధునిక భారతదేశ చరిత్రలో చదివే ఉంటారు. ఒక సంస్థ ఏమి చేయవచ్చు, ఎంతకాలం చేయవచ్చు, ఎవరికి జవాబు చెప్పాలి అని పైనున్న అధికారం రాసి ఇచ్చేది చార్టర్. వ్యాపార నిర్వహణ గ్రంథాలు ఈ పాత మాటను తీసుకొని చిన్న పనులకూ వర్తింపజేశాయి. కాటన్ కాలంలో ఆనకట్ట కాగితాలను ఎవరూ ప్రాజెక్టు చార్టర్ అనలేదు. నివేదిక, అంచనా, మంజూరు అన్నారు. పేరు లేకపోయినా వస్తువు ఉంది కనుక, నేటి పదంతో నాటి కాగితాలను పరిశీలించడంలో తప్పు లేదు. అయితే ఆ కాగితాలు రాసినవారికి మన పదజాలం తెలియదన్న ఎరుక చదువుతున్నంతసేపూ ఉండాలి.

ఆలోచన ఉంది, ఆజ్ఞ లేదు

గోదావరి నీటిని డెల్టా పొలాలకు మళ్లించాలన్న ఆలోచన కాటన్‌తో పుట్టింది కాదు. మద్రాసు ప్రభుత్వంలో ఖగోళ, భూమాపన శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన మైకేల్ టాపింగ్ 1790లలోనే గోదావరి, కృష్ణా నదుల నీటిని సేద్యానికి వాడుకోవచ్చునని ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. అదే దశాబ్దంలో కృష్ణా నది విషయంలో బీట్సన్ అనే సైనికాధికారి ఇటువంటి సూచనే చేశాడు. టాపింగ్ 1796లో మరణించాడు. ఆ తరువాత యాభై ఏళ్లపాటు గోదావరి నీరు వరదలో పొంగి, వేసవిలో సన్నబడి, ఎప్పటిలాగే సముద్రంలో కలిసింది.

ఈ యాభై ఏళ్ల జాప్యాన్ని పాలకుల నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేయడం సులభం. నిర్లక్ష్యం ఉన్నది నిజమే. కానీ పరీక్షలో ఆ ఒక్క మాట రాస్తే సగం జవాబే అవుతుంది. టాపింగ్ సూచనకు ఒక అంచనా లేదు. దాన్ని అమలు చేసే బాధ్యత ఎవరి మీదా పడలేదు. ఖర్చు పెడితే తిరిగి ఎంత వస్తుందో చెప్పే లెక్క లేదు. పైగా 1802 తరువాత ఈ ప్రాంతంలో శాశ్వత శిస్తు పద్ధతి ప్రవేశపెట్టి, గ్రామాలను ఎస్టేట్లుగా జమీందారులకు అప్పగించారు. శిస్తు శాశ్వతంగా నిర్ణయమైపోయిన చోట పంట పెరిగితే లాభం జమీందారుకే గాని కంపెనీకి కాదు. తనకు రాని లాభం కోసం కంపెనీ పెట్టుబడి పెడుతుందా? కాలక్రమంలో చాలా ఎస్టేట్లు బకాయిలు పడి, వేలానికి వచ్చి, కంపెనీ చేతికే చేరాయి. అప్పుడు పొలం పండినా ఎండినా ఆ ఫలితం నేరుగా కంపెనీ ఖజానాకు తగలసాగింది. ఆనకట్ట కాగితం కదలడానికి ఈ మార్పు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. పాఠ్యగ్రంథాలు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వడం లేదు.

ఈలోగా ప్రజలు పడిన కష్టం మాటలకు అందదు. 1832-33లో వచ్చిన కరువును మన పెద్దలు నందన కరువు అన్నారు. డొక్కల కరువు అన్న పేరూ ఉంది. గుంటూరు జిల్లా జనాభాలో మూడోవంతుకు పైగా ఆ కరువులో నశించిందని అంచనా. 1839 నవంబరులో కోరంగి తీరాన్ని తుఫాను ఉప్పెన ముంచెత్తింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821 ప్రాంతంలో 7,38,000కు పైగా ఉండగా, 1841 నాటికి 5,61,000 దగ్గరకు పడిపోయిందని అప్పటి ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కలు నేటి జనగణన వంటివి కావు. గ్రామాధికారులు ఇచ్చిన అంకెలను కూడి వేసినవి. మద్రాసు రాష్ట్రంలో క్రమబద్ధమైన జనగణన 1871లో గాని జరగలేదు. కాబట్టి ఆ అంకెలను చివరి స్థానం వరకు నమ్మకండి. చావులు, వలసలు కలిసి ఇరవై ఏళ్లలో జిల్లాను ఖాళీ చేశాయన్న సంగతిలో మాత్రం అనుమానం లేదు.

జనం తగ్గితే శిస్తు తగ్గుతుంది. శిస్తు తగ్గాక మద్రాసు ప్రభుత్వం కదిలింది. జిల్లా పరిస్థితిని విచారించడానికి సర్ హెన్రీ మాంట్‌గొమరీని ప్రత్యేకాధికారిగా పంపింది. ఆయన 1844లో ఇచ్చిన నివేదికలో, నీటిపారుదల అవకాశాలను పరిశీలించడానికి సమర్థుడైన ఇంజనీరును నియమించాలని సూచించాడు. ఆ పని అప్పగించడానికి కాటన్‌ను ఎంచుకున్నారు. నేటి భాషలో చెప్పాలంటే మాంట్‌గొమరీ నివేదిక 'అవసరం ఇది' అని చెప్పింది, పరిష్కారం చెప్పలేదు. ఈ రెండింటినీ వేరు చేసి చూడడం మీరు ఇక్కడే నేర్చుకోవాలి. నిర్వహణ శాస్త్ర విద్యార్థులు రాసే చార్టర్లలో ఎక్కువగా కనిపించే లోపం, సమస్యను చెప్పవలసిన చోట తమకు నచ్చిన పరిష్కారాన్ని రాసేయడమే. 'మా ఊరికి వంతెన లేదు' అన్నది సమస్య కాదు. 'వానాకాలంలో మూడు నెలలు పిల్లలు బడికి వెళ్లలేకపోతున్నారు' అన్నది సమస్య. వంతెన దానికి ఉన్న దారుల్లో ఒకటి.

కాటన్ రాసిన రెండు నివేదికలు

ఆర్థర్ కాటన్ 1803లో జన్మించాడు. పద్దెనిమిదేళ్ల వయసులో మద్రాసు ఇంజనీర్ల దళం అధికారిగా భారతదేశానికి వచ్చాడు. గోదావరికి రాకముందే కావేరి డెల్టాలో ఆయనకు పేరు వచ్చింది. తంజావూరు ప్రాంతానికి నీరందించేందుకు కావేరి శాఖ అయిన కొల్లడం నది మీద 1836లో పూర్తయిన రెండు ఆనకట్టలు ఆయన పర్యవేక్షణలో కట్టినవే. వాటిని కడుతున్నప్పుడు ఆయన కల్లణైని, అంటే కరికాల చోళుడి పేరుతో ప్రసిద్ధమైన ప్రాచీన ఆనకట్టను, శ్రద్ధగా పరిశీలించాడు. లోతైన ఇసుకలో పునాది ఎలా నిలపాలో ఈ దేశపు పూర్వ నిర్మాతల నుంచే నేర్చుకున్నామని తరువాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నాడు.

1844 ఆగస్టులో కాటన్ మొదటి నివేదిక సమర్పించాడు. 1845 ఏప్రిల్‌లో రెండోది ఇచ్చాడు. మొదటిది ప్రధానంగా 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు. రెండోది 'ఎక్కడ, ఎలా, ఎంతకు' అన్నదాని మీద ఎక్కువగా నిలిచింది. మొదటి నివేదికలోని వాదన తీరును మీరు గమనించాలి. రాజమండ్రి జిల్లాలో నేల మంచిది, నది పెద్దది, సముద్రం దగ్గర, జనం కష్టపడగలవారు. అయినా జిల్లా బికారిగా మారింది. ఇదే ప్రభుత్వం కింద, ఇదే రకం డెల్టా అయిన తంజావూరు మాత్రం కళకళలాడుతోంది. రెండింటికీ తేడా నీటి ఏర్పాటే. ఈ పోలికను ఆయన మళ్లీ మళ్లీ వాడాడు. తంజావూరు అంకెలు ప్రభుత్వ దస్త్రాల్లోనే ఉన్నాయి గనుక వాటిని కాదనడం ప్రభుత్వానికి సాధ్యం కాదు. పైగా అక్కడ పని చేసి చూపింది తానే.

ఆకలితో చనిపోయినవారి గురించి కాటన్‌కు నిజమైన బాధ ఉంది. ఆయన మతనిష్ఠ గల మనిషి. తన జీవితమంతా నీటిపారుదల కోసం వాదించి, అధికారులతో తగవులు పెట్టుకొని, 1899లో మరణించేదాకా ఆ మాట విడవలేదు. అయినా నివేదికలో బరువంతా శిస్తు రాబడి మీద, వాణిజ్యం మీద, చెరకు వంటి పంటల విలువ మీద, కాలువల్లో పడవల రవాణా మీద పెట్టాడు. సంతకం చేయవలసినవారు ఏ లెక్క చూస్తారో ఆయనకు తెలుసు. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారం ఆగిపోయింది. ఆ తరువాత వాటాదారులకు చెల్లించవలసిన డివిడెండు సైతం భారతదేశపు ఆదాయం నుంచే రావాలి. అటువంటి సంస్థకు కరుణ గురించి రాసి ఊరుకుంటే కాగితం దస్త్రంలోనే ఉంటుంది. దీన్ని కాటన్ తెలివితేటలు అనుకోండి, ఆ పాలన స్వభావానికి గుర్తు అనుకోండి, రెండూ నిజమే.

రెండో నివేదికలో స్థలం ఎంపిక కీలకం. నది కొండలు దాటి మైదానంలోకి వచ్చి, పాయలుగా చీలే చోటికి ఎగువన ధవళేశ్వరం ఉంది. అక్కడ నది చాలా వెడల్పు. ఒక గట్టు నుంచి మరో గట్టుకు సుమారు ఆరు కిలోమీటర్లు. ఇంత వెడల్పయిన చోట ఎవరైనా ఆనకట్ట కడతారా అని మీకు అనుమానం రావచ్చు. ఎగువన పాపికొండల దగ్గర నది ఇరుకుగా ఉంటుంది కదా! కానీ ఇరుకైన చోట ప్రవాహం లోతు, వేగం ఎక్కువ. వెడల్పయిన చోట అదే నీరు పలచగా పరుచుకొని నిదానంగా పోతుంది. పైగా ధవళేశ్వరం వద్ద నది మధ్య లంకలు ఉన్నాయి. ఆ లంకలను ఆసరా చేసుకొని ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టవచ్చు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆ నాలుగు భాగాలకు పేర్లు. రాతి కట్టడం మొత్తం పొడవు నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎత్తు 12 అడుగులు. గట్టు పక్కనే కొండ ఉంది గనుక రాయికి కొదవ లేదు. కొండ రాయిని నది దాకా మోయడానికి పట్టాలు వేశారు; భారతదేశంలో ప్రయాణికుల రైలు రాకముందే పట్టాల మీద బండ్లు నడిచిన కొద్ది చోట్లలో ధవళేశ్వరం ఒకటి. కలప ఎగువ అడవుల నుంచి నదిమీదే తెప్పలుగా వస్తుంది.

ఖర్చు అంచనా 4,75,000 రూపాయలకు పైచిలుకు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

సంతకం ఎవరిది?

ఇప్పుడు కాగితం నడిచిన దారి చూద్దాం. రాజమండ్రిలో ఉన్న ఇంజనీరు రాసింది మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు, అక్కడి నుంచి గవర్నర్ మండలికి వెళ్లాలి. అప్పటి గవర్నర్ మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్. గవర్నర్‌కు పథకం నచ్చినంత మాత్రాన సరిపోదు. 1833 చట్టం ఆర్థికాధికారాన్ని కలకత్తాలోని గవర్నర్ జనరల్ చేతిలో కేంద్రీకరించింది. కొత్త ఉద్యోగం సృష్టించాలన్నా మద్రాసు ప్రభుత్వం కలకత్తా ముఖం చూడవలసిందే. ఇంత పెద్ద పనికి చివరి మాట లండన్‌లోని కోర్ట్ ఆఫ్ డైరెక్టర్స్‌ది. ఆవిరి ఓడలు, సూయెజ్ భూమార్గం వచ్చాక కూడా ఉత్తరం లండన్ చేరడానికి వారాలు పట్టేది. జవాబు తిరిగి రావడానికి మళ్లీ అంత కాలం. మధ్యలో ప్రతి కార్యాలయంలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక సందేహం రాస్తారు.

గోదావరిలో పని చేయగల కాలం ఏడాదికి ఆరు నెలలే. జూన్, జూలైలలో వరద మొదలైతే నది తగ్గి దారికొచ్చేసరికి శీతకాలం వస్తుంది. మంజూరు ఒక్క నెల ఆలస్యమైతే పని ఒక్క నెల కాదు, ఒక సంవత్సరం వెనక్కి పోతుంది. కోర్ట్ ఆఫ్ డైరెక్టర్స్ అనుమతి 1846 చివరకు వచ్చింది. 1847లో పని మొదలైంది. మొదటి నివేదికకూ మొదటి రాయికీ మధ్య మూడేళ్లు. పాలనా యంత్రాంగం ఇంత పొడవుగా ఉన్న ఆ కాలంలో ఇది చాలా వేగమేనని చెప్పాలి. కృష్ణానది మీద బెజవాడ ఆనకట్టకు 1850లో అనుమతి వచ్చి, 1855లో అది పూర్తయింది. ధవళేశ్వరంలో పని జరుగుతున్న తీరు కళ్లముందు కనిపిస్తున్నా దానికి అంత సమయం పట్టింది.

అధికార పరంపర ఇలా ఉన్నప్పుడు చార్టర్ రాసేవాడు ఎవరికోసం రాస్తున్నాడు? దీనికి తేలికైన జవాబు లేదు. కాటన్ నివేదికను ఒకేసారి మాంట్‌గొమరీ వంటి జిల్లా ఎరిగిన అధికారీ, గోదావరిని జన్మలో చూడని లండన్ డైరెక్టరూ చదవాలి. మొదటివాడికి చెప్పనవసరం లేని విషయం రెండోవాడికి చెప్పి తీరాలి. నది ఎలా ఉంటుంది, లంక అంటే ఏమిటి, వరద ఎంత ఎత్తు వస్తుంది అన్నవి ఆయన ఓపికగా వివరించింది అందుకే.

అడిగింది, అందింది

చార్టర్‌లో నిర్వాహకుడి పేరు, అతనికి ఉన్న అధికారం స్పష్టంగా ఉండాలని మీ నిర్వహణ పాఠాల్లో చదివారు. ధవళేశ్వరంలో నిర్వాహకుడి విషయంలో సందేహం లేదు, కాటనే. అధికారం మాట వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఆరుగురు ఇంజనీరు అధికారులను ఇవ్వమని ఆయన అడిగాడు. అందింది అందులో చిన్న భాగమే. పనికి అనుమతి ఇచ్చినవారు పనివారిని ఇవ్వడంలో చేయి బిగపట్టారు. కాగితంలో పని పెద్దది, మనుషులు కొద్దిమంది. నేటి ప్రాజెక్టుల్లోనూ ఇది మామూలే. నిధులు మంజూరు అవుతాయి, పోస్టులు మంజూరు కావు.

ఆ లోటును పూడ్చింది స్థానికులు. సుమారు పదివేలమంది కూలీలు ధవళేశ్వరంలో పోగయ్యారు. వడ్రంగులు, కమ్మరులు, రాయి కొట్టేవారు వచ్చారు. ఇంతమందిని సమీకరించి, పనిలో నిలబెట్టడంలో వీణెం వీరన్న పాత్ర పెద్దది. కాటన్ కింద పనిచేసిన ఈ తెలుగు ఉద్యోగి తరువాత రాయ్ బహదూర్ బిరుదు పొందాడు. లండన్ మంజూరు చేసిన కాగితంలో ఆయన పేరు ఉండే అవకాశమే లేదు. ఆయన లేకపోతే ఆ కాగితం అమలయ్యే అవకాశమూ అంతే.

1848లో కాటన్‌కు వడదెబ్బ తగిలింది. ఆరోగ్యం చెడి సెలవు మీద దూరదేశం వెళ్లవలసి వచ్చింది. ఆయన స్థానంలో కెప్టెన్ ఆర్ బాధ్యత తీసుకున్నాడు. 1850లో కాటన్ తిరిగి వచ్చేదాకా పని ఆగలేదు. ఒక్క మనిషి ఉత్సాహంతో పుట్టిన పథకం ఆ మనిషి లేనప్పుడు రెండేళ్లు నడిచిందంటే, దానికి నక్షా, అంచనా, మంజూరు అన్నీ కాగితం మీద ఉండడం వల్లనే. నివేదిక కాటన్ బుర్రలోనే ఉండిపోయి ఉంటే ఆర్ చేయగలిగింది ఏమీ లేదు. కాటన్‌ను భగీరథుడితో పోల్చి స్మరించే గోదావరి ప్రజల కృతజ్ఞతలో ఆర్ పేరు వినబడకపోవడం అన్యాయమే. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఇక్కడ ఆగి, ఇప్పటిదాకా చదివినదాంట్లో అవసరాన్ని చెప్పిన పత్రం ఏది, పరిష్కారాన్ని చెప్పిన పత్రం ఏది, అధికారాన్ని ఇచ్చిన పత్రం ఏది అన్నది మీ నోటు పుస్తకంలో రాసుకోండి. మూడూ ఒకటే అని మీకు అనిపిస్తే, మాంట్‌గొమరీ నివేదిక గురించి చెప్పిన భాగాన్ని మళ్లీ చదవండి.

కాగితంలో లేనివి

ఇక ఆ 4,75,000 రూపాయల దగ్గరికి వద్దాం. అది ముఖ్యంగా ఆనకట్టకు, దానితో ముడిపడిన తూములు, లాకులు వంటి తలపనులకు వేసిన అంచనా. ఆనకట్ట నీటిని ఎత్తులో నిలబెడుతుంది, అంతే. ఆ నీరు పొలానికి చేరాలంటే ప్రధాన కాలువలు, పిల్ల కాలువలు, వంతెనలు, అక్విడక్టులు కావాలి. గన్నవరం వద్ద గోదావరి పాయ మీదుగా నీటిని కోనసీమ దిగువకు దాటించిన అక్విడక్టు అటువంటిదే. వీటన్నింటికీ తరువాత తరువాత అంచనాలు పెరుగుతూ పోయాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి గోదావరి డెల్టా వ్యవస్థ మీద పెట్టిన మూలధనం కోటి రూపాయలు దాటింది. రాబడి దానికి మించి వచ్చింది గనుక ఎవరూ పెద్దగా బాధపడలేదు. మద్రాసు రాష్ట్రంలో బాగా లాభం ఇచ్చిన నీటిపారుదల పనుల్లో ఇదొకటి.

కాటన్ తక్కువ అంచనా కావాలనే వేశాడా? పెద్ద అంకె చూపితే డైరెక్టర్లు భయపడతారని మొదటి మెట్టు మాత్రమే చూపాడని వాదించవచ్చు. అనుభవం లేనంత పెద్ద పనికి ఎవరైనా అంతకన్నా కచ్చితమైన అంచనా వేయలేరని కూడా వాదించవచ్చు. నేను రెండో వాదన వైపే మొగ్గుతాను. ఉద్దేశం ఏదైనా, చార్టర్ పరిధిని ఎక్కడ గీశామన్నది ఖర్చును నిర్ణయిస్తుందన్న సంగతి మాత్రం ఇక్కడ స్పష్టం. 'ఆనకట్ట కట్టడం' ఒక పరిధి. 'పొలానికి నీరు చేర్చడం' మరో పరిధి. లాభాన్ని రెండోదానితో లెక్కకట్టి, ఖర్చును మొదటిదానితో లెక్కకడితే ఏ పథకమైనా బంగారంలాగే కనిపిస్తుంది. పత్రికల్లో కొత్త పథకాల వార్తలు చదివేటప్పుడు ఈ తేడా వెతకండి.

డబ్బు కన్నా గట్టిగా తగిలిన లోటు మురుగునీటి పారుదల. డెల్టా చదునైన నేల. దానిలోకి నీరు తీసుకురావడం ఎంత ముఖ్యమో, మిగిలిన నీటిని సముద్రానికి పంపడమూ అంతే ముఖ్యం. మురుగు కాలువల అవసరం కాటన్‌కు తెలుసు. తన నివేదికల్లో చెప్పాడు కూడా. కానీ శిస్తు తెచ్చేది సాగునీటి కాలువే, మురుగు కాలువ ఒక్క రూపాయి తేదు. డబ్బు మొదటిదాని వైపు పరుగెత్తింది, రెండోది వెనకబడింది. నూరేళ్లు గడిచాక, 1960లలో, కృష్ణా గోదావరి డెల్టాల ముంపు సమస్యను పరిశీలించడానికి మిత్ర కమిటీని వేయవలసి వచ్చింది. వానలు గట్టిగా పడిన ఏడాది కోనసీమలోనో, కొల్లేరు చుట్టుపక్కలో వరి చేలు నీళ్లలో మునిగిన ఫోటోలు మీరు ఇప్పటికీ పేపర్లో చూస్తుంటారు.

మరో లోటు రైతు మాట. ఎవరి పొలానికి నీరు వస్తుందో, ఎవరి పొలం కాలువకు పోతుందో ఆ రైతును అడిగి రాసిన వాక్యం ఈ కాగితాల పరంపరలో కనిపించదు. నీరు వచ్చాక దాని మీద పన్ను వచ్చింది; 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి తీరువా చట్టం చేసింది. డెల్టాకు నీరొచ్చి మాగాణి అయింది. దాని పైనున్న మెట్ట గ్రామాలు మెట్టగానే మిగిలాయి. ఒకే జిల్లాలో డెల్టాకూ మెట్టకూ మధ్య ఏర్పడిన ఆస్తి అంతరం తరువాతి రాజకీయాల మీద, చదువుల మీద, వలసల మీద ఎంత ప్రభావం చూపిందో వేరే పాఠంలో చదువుతారు. చార్టర్‌లో 'ప్రాజెక్టుతో సంబంధమున్నవారు' అనే గడి నేడు తప్పనిసరి. కాటన్ కాలంలో ఆ గడి ఉంటే అందులో కంపెనీ, బోర్డు, జమీందారు ఉండేవారేమో గాని, ర్యాలి లంకలో పుచ్చకాయలు పండించే కాపు ఉండేవాడు కాదు.

కాటన్ నివేదిక నుంచి జీవో దాకా

కంపెనీ పోయింది, కోర్ట్ ఆఫ్ డైరెక్టర్స్ పోయింది, పద్ధతి మాత్రం నిలిచింది. మన ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల్లో ఇప్పటికీ ఏ పనికైనా పరిపాలనా అనుమతి వేరు, సాంకేతిక అనుమతి వేరు. మొదటిది, ఈ పని అవసరమే, ఇంత డబ్బు ఇవ్వవచ్చు అని ప్రభుత్వం చెప్పడం. రెండోది, ఈ నక్షా, ఈ అంచనా సరైనవే అని తగిన హోదా గల ఇంజనీరు చెప్పడం. పరిపాలనా అనుమతి ఇస్తూ వెలువడే జీవోను చూస్తే, నిర్వహణ గ్రంథాల్లో చెప్పే చార్టర్‌కు దానికి పోలికలు ఇట్టే తెలుస్తాయి. పని పేరు, ఎందుకు, ఎంతలో, ఏ పద్దు నుంచి, ఏ అధికారి బాధ్యతపై అన్నవి అందులో ఉంటాయి. అడుగున 'గవర్నరు ఆదేశానుసారం' అని ఉంటుంది. చార్టర్ అంటే ఇంగ్లీషు కంపెనీల వ్యవహారమని జంకవద్దు. మీ మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద దాని తమ్ముడు వేలాడుతుంటాడు.

నాగార్జునసాగర్ విషయంలో ఈ వరుస మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కృష్ణా నీటి వినియోగంపై ఖోస్లా కమిటీ 1952లో నివేదిక ఇచ్చింది. పథకానికి కేంద్రం ఆమోదం రావడానికి ముక్త్యాల రాజా వంటివారు ఢిల్లీ చుట్టూ తిరిగారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఫోటోల్లో మనకు కనిపించేది ఆ శంకుస్థాపనే. పని నిజంగా మొదలైంది దానికి ముందే, ఫోటో తీయని ఒక గదిలో, ఆమోదపత్రం మీద సంతకం పడినప్పుడు. దీనికి విరుద్ధమైన దృశ్యం కూడా మీకు తెలుసు. ఎన్నికల ముందు కొబ్బరికాయ కొట్టి, శిలాఫలకం వేసి, వెనుక ఏ మంజూరూ లేక, గడ్డి మొలిచిన ఫలకాలు మన ఊళ్లలో లేకపోలేదు.

ఇప్పుడు మీరు చేయవలసిన అభ్యాసం. మీ ఊరి చెరువులో పూడిక తీసి, తూము బాగు చేయాలని గ్రామస్థులు అనుకున్నారని ఊహించండి. ఆ పనికి ఒక్క పేజీ చార్టర్ రాయండి. మొదటి పేరాలో సమస్యను మాత్రమే రాయాలి. పూడిక అన్న మాట అందులో రాకూడదు. తరువాత పని పరిధి రాయండి. తూము నుంచి పొలాలకు పోయే పంట కాలువ మీ పరిధిలో ఉందో లేదో ఒక వాక్యంలో స్పష్టంగా తేల్చండి. తీసిన మట్టి ఎక్కడికి పోతుంది, ఎవరు మోస్తారు, ఏ నెల లోపల పని ముగియాలి, వాన ముందే పడితే ఏమి చేస్తారు అన్నవి రాయండి. చెరువు శిఖంలో ఎండాకాలం కూరగాయలు వేసుకొనేవారు, చేపలు పట్టేవారు, గొర్రెలకు నీళ్లు పెట్టేవారు ఈ పనిలో ఏమి కోల్పోతారో వారిని అడిగి రాయండి, ఊహించి రాయవద్దు. అంచనా అంకె పక్కన దాన్ని ఎవరు లెక్కకట్టారో ఉండాలి. చివర రెండు సంతకాలకు చోటు వదలండి. ఒకటి పని చేయించే వ్యక్తిది, రెండోది డబ్బు ఇవ్వగల అధికారిది. పేర్లు కాదు, పదవులు రాయండి. అధ్యయన కేంద్రంలో కౌన్సిలర్‌కు ఇచ్చే ముందు, ఆ చెరువును ఎన్నడూ చూడని ఒకరి చేత దాన్ని చదివించి, వారికి అర్థం కాని మాటల కింద గీత గీయించుకోండి.